ఎలుగు వేట, పాత రిపోర్టు

క్రైస్ట్‌చర్చ్
14 జులై 2024

మావయ్యా, నమస్కారం.

ఫోన్ చేస్తే నీకు సగమే వినపడుతుందనీ, మిగతా సగం నువ్వే ఊహించుకుంటావనీ హేమశ్రీ వదిన చెప్పింది. అందుకే కాగితం పట్టాను. తెలుగులో ఉత్తరం రాసి పదేళ్ళు దాటింది. తప్పులుంటే దిద్దుకో.

మా సైట్ బాస్ డగ్‌తో మూడేళ్ళుగా జింకల వేటకి వెళ్తున్నానని నీకు తెలుసు. ఇక్కడ అది నేరం కాదు. బయటినుంచి తెచ్చి వదిలిన జంతువులవి, అడవిని మేసేస్తున్నాయి. మా ఫ్రీజర్లో ఎప్పుడూ మాంసం ఉంటుంది. అమ్మ మొదట్లో మూతి ముడిచింది. ఇప్పుడు తనే అల్లం వెల్లుల్లి నూరి సిద్ధంగా ఉంటోంది.

సెప్టెంబర్లో డగ్ తమ్ముడి దగ్గరికి కెనడా వెళ్తున్నాం. అక్కడ నల్ల ఎలుగు వేటకి నాకు పర్మిట్ వచ్చింది. లారా అని ఒకావిడ గైడుగా ఉంటుంది. జింకల్ని కొట్టాను గానీ ఎలుగు నాకు మొదటిసారి. అడవిశాఖలో నీ ఉద్యోగమంతా ఎలుగుల మధ్యే గడిచింది కదా. నిన్ను కాక ఎవర్ని అడగను? ఎంత దూరం నుంచి కాల్చాలి? దెబ్బ తిన్నాక మీదికొస్తుందా, పారిపోతుందా? మాంసం తినొచ్చంటున్నారు, నిజమేనా?

అమ్మకి కెనడా అని చెప్పాను, ఎలుగు అని చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

మహి


జాన్సన్‌విల్, వెల్లింగ్టన్
22 జులై 2024

ఒరేయ్ మహీ,

నీకు మతి ఉందా? ఉత్తరం రెండుసార్లు చదివాను, మొదటిసారి తప్పు చదివానేమోనని. న్యూజిలాండ్‌లో ఎలుగు లేదు కదా, వీడి బారి నుంచి ఆ జాతి బతికిపోయిందిలే అనుకుంటే సముద్రం దాటి వెతుక్కుంటూ పోతావా!

జింకలంటే సరే, ఊరుకున్నాను. ఇది కూర కోసం కాదురా. ఎందుకో నాకు తెలుసు. చచ్చిన జంతువు పక్కన మోకాలు వేసి కూర్చుని ఫొటో దిగుతారు. తోలు గోడకి కొడతారు. వచ్చినవాళ్ళకి టీ ఇస్తూ చూపిస్తారు. మా రోజుల్లో జమీందార్ల మనవలు ఇలాగే తిరిగేవాళ్ళు. అలాంటివాళ్ళ దగ్గర నేను స్వయంగా తుపాకులు లాక్కున్నాను. చివరికి నా మేనల్లుడే తయారయ్యాడు. పైగా సలహా నన్నే అడుగుతున్నాడు!

ఎలుగు వల్లే తండ్రిని పోగొట్టుకున్నవాడివి. ఆ పేరెత్తితే మీ అమ్మ ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతుంది. నీకు సరదా ఎలా పుట్టిందిరా?

నేను ఒక్క ముక్క చెప్పను. చెప్పకు అన్నావు గనకే చెప్పి తీరాలని మీ అమ్మకి కూడా ఈ పూటే ఉత్తరం రాసి పోస్టు చేశాను. నా మాట వినకపోయినా అక్క మాట వింటావు.

ఇక్కడ గాలికి మొన్న మా పెరటి కంచె పడిపోయింది. హేమశ్రీ, అల్లుడూ కలిసి నిలబెట్టారు. అంతకు మించి విశేషాలు లేవు.

శ్రీనివాసమూర్తి


క్రైస్ట్‌చర్చ్
1 ఆగస్టు 2024

శ్రీనివాసమూర్తి గారికి,

మీ ఉత్తరం అమ్మకి చేరింది. సంతోషించండి. రెండు రోజులు ఆవిడ పొయ్యి ముట్టించలేదు. మూడో రోజు లేచి, "నువ్వెల్తే ఎల్లు, నాకు సెప్పకు" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. చెప్పవద్దని బతిమాలుకుంటే మీరు చేసిన పని ఇది.

సరదా అన్నారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నని మా ఊరు రేగుపుట్టుగ జీడితోటలో ఎలుగు చీల్చేసింది. ఆయన మొహం మీద కప్పిన తువ్వాలు నన్ను ఎత్తనివ్వలేదు. అప్పట్నుంచీ నల్లకుక్క కనిపించినా నా అరచేతులకి చెమట పడుతుంది. ముప్పై రెండేళ్ళొచ్చాయి, ఇంకా పడుతోంది. ఒక్కసారి దాని ఎదురుగా నిలబడి చూడాలనుకున్నాను. దీనికి మీ భాషలో సరదా అని పేరైతే, అలాగే రాసుకోండి. పేర్లు పెట్టడంలో మీరు గట్టివారు.

మా నాన్నకీ పెట్టారుగా ఒక పేరు. రేంజ్ ఆఫీసరుగా మీరు రాసిన రిపోర్టులో ఏముందో మా బళ్ళో రెండో బెంచీ వాడిక్కూడా నోటికి వచ్చు. "మృతుడు రాళ్ళు రువ్వి జంతువును రెచ్చగొట్టినందున." ఎలుగుతో ఆటలాడినోడి కొడుకు అని నన్ను పదో తరగతి దాకా పిలిచారు. మా నాన్న రాయి విసరడం నేను ఎప్పుడూ చూడలేదు. పాముని చూసినా పక్కకి తప్పుకునేవాడు.

ఇంకొకటి కూడా నాకు గుర్తుంది. ఊరి మగవాళ్ళంతా బల్లేలు పట్టుకుని ఎలుగుని చంపుతామంటే, మీరు రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడ్డారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. బావని చంపిన జంతువుకి మీరు కాపలా కాశారు.

అమ్మా నేనూ క్రైస్ట్‌చర్చ్‌లో ఉండబట్టి మూడేళ్ళయింది. వెల్లింగ్టన్ నుంచి విమానంలో గంట ప్రయాణం. మోకాళ్ళ నొప్పులని ఒక్కసారి రాలేదు. చుట్టాలమ్మాయి అక్షయ పెళ్ళికి మాత్రం న్యూ లిన్ దాకా ఆ మోకాళ్ళే వెళ్ళాయి.

నేను కెనడా వెళ్తున్నాను.

మహిధర్


జాన్సన్‌విల్
12 ఆగస్టు 2024

మహీ,

'గారు' అని రాశావు. అరవై మూడేళ్ళకి ఈ మర్యాద కూడా చూశాను. వాదించే ఓపిక నాకు లేదు. రిపోర్టు సంగతి రిపోర్టుతోనే పోనీ.

నువ్వు వెళ్ళి తీరతావు. తెలియకుండా వెళ్ళి చచ్చావంటే మీ అమ్మకి నేను మొహం చూపించలేను. కాబట్టి రాస్తున్నాను. కోపం తగ్గి రాస్తున్నాననుకోకు.

మన ఉద్దానం ఎలుగు వేరు, ఆ నల్ల ఎలుగు వేరు. మనది ఎదురుపడితే ముందు మీద పడుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. అది ఎక్కువగా తప్పుకునే రకమని పుస్తకాలంటున్నాయి. కానీ దెబ్బ తిన్నాక ఏ జంతువుకీ జాతి గుణం ఉండదు. అది గుర్తుంచుకో. చూపు తక్కువని ధీమా పడకు, దాని ముక్కు నీ కన్నుకి పదింతలు. గాలి నీ మొహానికి తగులుతూ ఉంటేనే అడుగు వెయ్యి. వీపుకి తగిలిందా, ఆ రోజుకి ఇంటికెళ్ళి పడుకో.

కనపడగానే తుపాకీ ఎత్తకు. పిల్లలు తల్లికి వెనకబడి వస్తాయి, పొదల్లో మేస్తూ ఉండిపోతాయి. ఒంటరిగా ఉందని నీకు అనిపించాక కూడా ఇంకో పావుగంట చూడు. ఆ పావుగంట ఆగలేనివాడు వేటగాడు కాదు, హంతకుడు. తలకి గురిపెట్టకు, పుర్రె ఏటవాలుగా ఉంటుంది. భుజం వెనక, ఊపిరితిత్తులున్న చోట. పక్కకి తిరిగే దాకా ఆగు. పడిందని పరిగెత్తకు. కూర్చో. అరగంట తర్వాత వెనక వైపు నుంచి వెళ్ళు.

ఇక మాంసం. నాకు తెలియదు గనక మా పేట లైబ్రరీకి వెళ్ళి, ఎలుగుని వండటం గురించి పుస్తకం ఉందా అని అడిగాను. అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ఒకటి కాదు మూడు వెతికి పెట్టింది. సిగ్గుతో చచ్చాను. సారం ఇది. కొవ్వు దుప్పటిలా కప్పి ఉంటుంది, వేడి పోనివ్వదు. వెంటనే తోలు తీసి, ముక్కలు చేసి చల్లారనివ్వకపోతే మాంసం పాడవుతుంది. కొవ్వు వేరు చేసి కరిగిస్తే నెయ్యిలా నిలవుంటుందట, రొట్టెలకి వాడతారట.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ కండలో కంటికి కనపడని పురుగు ఉండొచ్చు. ఫ్రీజర్లో పెట్టినా చావని రకం కూడా ఉందట. మీ డగ్ లోపల ఎర్రగా ఉంచి తినే మనిషి అయితే వాడికీ చెప్పు. ముక్క నడిమధ్య దాకా ఉడకాలి, ఎరుపు అన్నది కనపడకూడదు. మాంసం థర్మామీటరు గుచ్చి డెబ్బై నాలుగు డిగ్రీలు చూసుకో. ఇది మేకపోతు కూర కాదు, రెండు విజిళ్ళకి దించడానికి.

చంపితే తిను. తినకుండా తోలు మాత్రం తెచ్చావంటే నా గడప తొక్కకు.

మావయ్య


క్రైస్ట్‌చర్చ్
23 ఆగస్టు 2024

మావయ్య గారికి,

సలహాలకి కృతజ్ఞతలు. డగ్‌కి చదివి వినిపించాను. "మీ మావయ్యని కూడా తీసుకురావాల్సింది" అన్నాడు. తోలు తేవాలని నాకు ఎప్పుడూ లేదు. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు, మీరే ఊహించుకున్నారు.

ఎలుగు గురించి మూడు పేజీలు రాశారు. దాని పిల్లల మీద ఎంత దయ! మా నాన్న గురించి అడిగితే ఒకే వాక్యం. "రిపోర్టు సంగతి రిపోర్టుతోనే పోనీ." ఎక్కడికి పోతుంది? కాగితం మీద ఉన్నది పోదు. ఆయన పోయారు.

సెప్టెంబర్ పన్నెండున బయల్దేరుతున్నాను. అడ్డంగా చేతులు చాపి ఎందుకు నిలబడ్డారో అప్పటిలోగా రాయండి. రాయలేకపోతే ఇక ఉత్తరాలు వద్దు.

మహిధర్


జాన్సన్‌విల్
3 సెప్టెంబర్ 2024

మహీ,

నువ్వు నా మీద మోపిన నేరం తప్పు. నేను చేసింది అంతకంటే పెద్దది.

ఆ బల్లేల రోజు మీ నాన్న పోయాక వచ్చింది కాదు. మూడు రోజుల ముందు. నీకు తొమ్మిదేళ్ళు, ముందు వెనకలు కలిసిపోయాయి. 2001 మే నెల, సోమవారం సాయంత్రం. జీడిపళ్ళ వాసనకి వచ్చిన ఎలుగు మీ ఊరి బయట పాడుబడ్డ నూతిలో పడింది. జనం మూగి రాళ్ళతో కొడుతున్నారు. నేను వెళ్ళి ఆపాను. చేతులు చాపింది అప్పుడే. ఆ పనికి ఈ రోజుకీ సిగ్గుపడను.

సిగ్గుపడాల్సింది ఆ తర్వాత చేసినదానికి. దాన్ని బోనులోకి ఎక్కించి దూరంగా కొండల్లో వదలాలి. బోను బండి వచ్చేసరికి తెల్లవారుతుందన్నారు. అప్పటిదాకా జనాన్ని ఆపి నిలబడాలి. నాకు విసుగు పుట్టింది. అందర్నీ దూరంగా పంపేసి నూతిలోకి నిచ్చెన నేనే దింపాను. అది ఎక్కి వచ్చింది. రాళ్ళ దెబ్బలకి ఒళ్ళంతా నెత్తురు. జీడితోటల్లోకి పోయింది. కొండకి పోతుందిలే అనుకుని ఇంటికెళ్ళి స్నానం చేసి భోంచేశాను. జాగ్రత్త అని ఊళ్ళో చాటింపు కూడా వేయించలేదు.

గురువారం పొద్దున్నే మీ నాన్న తోటకెళ్ళాడు. కబురందాక అందరికన్నా ముందు చేరింది నేను. బావ పక్కన ఇసుకలో అడుగులున్నాయి. కుడి ముందరికాలికి రెండు గోళ్ళు లేవు. నూతి అంచున బురదలో సోమవారం నేను చూసిన అడుగు అదే.

చెరిపేశాను మహీ. బూటుతో రాసి చెరిపేశాను. ఆ తర్వాత జనం వచ్చారు.

రిపోర్టులోకి ఆ రాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో విను. సోమవారం ఊరివాళ్ళు విసిరిన రాళ్ళవి. నేను వాటిని గురువారంలోకి తెచ్చి మీ నాన్న చేతిలో పెట్టాను. రెచ్చగొట్టాడని రాస్తే, అది ఎందుకంత రేగిపోయి ఉందని ఎవరూ అడగరు. ఎవరూ అడగలేదు. నాకు ప్రమోషన్ కూడా వచ్చింది.

మీ ఇంటికి రానిది మోకాళ్ళ వల్ల కాదు. అక్క నాకు అన్నం పెడుతుంది. అది తినలేక.

మూర్తి


బ్రిటిష్ కొలంబియా, కెనడా
24 సెప్టెంబర్ 2024

మావయ్యా,

నీ ఉత్తరం బయల్దేరే రోజు పొద్దున వచ్చింది. మళ్ళీ ఏ వంక రాశావోనన్న కోపంతో విప్పకుండా సంచిలో వేసుకొచ్చాను. ఇక్కడికొచ్చిన మూడో రోజు ఒకటే వాన. గుడారంలో కూర్చుని విప్పాను. చదివాక బయటికెళ్ళి వానలో నిలబడ్డాను. డగ్ వచ్చి లోపలికి లాక్కెళ్ళాడు.

మర్నాడు వాన వెలిసింది. ఎదురు వాలులో, పండ్ల పొదల్లో ఎలుగు కనపడింది. నల్లగా, నున్నగా. అరచేతులకి చెమట పట్టింది. నువ్వు చెప్పినట్టే కూర్చుని చూశాను. గాలి మా మొహం మీదికే వీస్తోంది. అది కొమ్మని ముంజేత్తో దగ్గరికి లాక్కుని, పెదాలతో పళ్ళు ఒలుచుకుంటోంది. మన ఇళ్ళలో ముసలమ్మలు చింతచిగురు దూసినట్టు. ఇరవై మూడేళ్ళుగా నేను కల్లో చూసిన జంతువు ఇది కాదు. దీని మీద నాకు రవ్వంత కోపం కూడా లేదని అప్పుడు తెలిసింది. కోపమంతా నీ మీదికి మళ్ళింది.

లారా, "మగది, ఒంటరిది, నీ ఇష్టం" అంది. కాల్చాను. దయ తలచి వదిలేశానని రాస్తే నీకు బాగుండేది. చలికాలానికి డగ్ తమ్ముడి ఇంటికి మాంసం కావాలి, ఆ పనికి ఒప్పుకుని వచ్చాను. ఒక్క దెబ్బకే పడింది. అరగంట కూర్చున్నాం.

తోలు తీశాక దాని ముంజెయ్యి మనిషి చేతిలా ఉంది. కత్తి కింద పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. పొట్టనిండా పళ్ళే. లారా కొవ్వు వేరు చేసి డబ్బాలోకెత్తింది. వానకి జారుతున్న వాలులో నాలుగు కాళ్ళూ, వెన్ను మాంసం రెండు విడతలుగా మోసుకొచ్చాం. ఇక్కడ చట్టం కూడా నీలాంటిదే, మాంసం అడవిలో వదిలేస్తే ఊరుకోదు. ఉల్లిపాయలు వేయించి, అమ్మ కట్టిచ్చిన మసాలా వేసి ఇనప గిన్నెలో నాలుగు గంటలు ఉడికించాను. థర్మామీటరు నాలుగు ముక్కలకి గుచ్చి చూశాను. డగ్ ఎర్రగా కావాలని గొణిగితే పళ్ళెం లాగేసుకున్నాను. ముదురు పంది మాంసంలా ఉంది. తిన్నాను. న్యూజిలాండ్‌లోకి ముక్క కూడా తేనివ్వరు కాబట్టి మిగిలిందంతా ఇక్కడే పంచాం.

ఇప్పుడు నీ సంగతి. నూతిలోంచి తీశావు, మంచిపని చేశావు. విసుగుపడి వదిలేశావు, మనిషివి, తప్పు చేశావు. అడుగు చెరిపావు, భయపడ్డావు అనుకుంటాను. కానీ మా నాన్న చేతిలో రాళ్ళు పెట్టావు చూడు! చచ్చినవాడు కాదనలేడని తెలిసి పెట్టావు. నేను బళ్ళో తన్నులు తిని వస్తే, పలకా పుస్తకాలూ కొనిచ్చి తల నిమిరావు. ఆ చెయ్యి తలుచుకుంటే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

అమ్మకి నేను చెప్పను. మోసుకొచ్చింది నువ్వు, దించాల్సింది నువ్వే. అక్టోబర్ పన్నెండు శనివారం నేను సైట్‌లో ఉంటాను, ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. వస్తే ఆ రోజు రా. రాకపోతే నాకు మావయ్య లేడు.

మహి


జాన్సన్‌విల్
16 అక్టోబర్ 2024

మహీ,

నువ్వు సైట్ నుంచి వచ్చేసరికి నేను వెళ్ళిపోయాను. నీకు ఎదురుపడే ధైర్యం మిగల్లేదు. మీ అమ్మ కూడా ఉండమనలేదు. ఏం జరిగిందో ఆవిడ నీకు చెప్పి ఉండదు గనక రాస్తున్నాను.

తలుపు తీసి, "ఏటిరా మూర్తీ, ఇలా సిక్కిపోయావు?" అంది. కూర్చోకముందే చెప్పేశాను. నుయ్యి, నిచ్చెన, అడుగు, రాళ్ళు. చివరిదాకా వింది. ఏడవలేదు. "మీ బావ రాయి ఇసిరాడని నమ్మేసినాన్రా" అంది. "తమ్ముడు రాసినాడంటే నిజమే కామోసనుకున్నాను. ఎందుకిసిరావయ్యా, పిల్లోడున్నాడు కదా అని ఆ మనిషిని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. సచ్చిపోయినోణ్ణి తిట్టుకున్నాన్రా."

అంతవరకూ నాకు తోచలేదు. ఊరు నమ్మిందనుకున్నాను. అక్క నమ్మిందని అనుకోలేదు.

నేను కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది. లోపలికెళ్ళి నీ బల్ల మీది కాగితాలూ కలమూ తెచ్చి నా ముందు పడేసింది. "అప్పుడు రాసినావు కదా, ఇప్పుడు కూడా రాయి" అంది.

రాశాను. చదవమంది. "ఎలుగు తప్పించుకొనుట జరిగినది" అని మొదలుపెట్టాను. చేత్తో ఆపింది. "జరిగినదేటి? అదంతట అదే జరిగిందా? నువ్వు సెయ్యలేదా?" కొట్టేసి రాశాను. "తగు జాగ్రత్తలు తీసుకొనబడలేదు" అన్న చోట కాగితం లాక్కుని చింపేసింది. "ఎవుడు తీసుకోలేదు? పేరు లేదా వాడికి?" ఉద్యోగమంతా రాసిన భాష మహీ, వేళ్ళు వాటంతట అవే అటు పోతున్నాయి. నాలుగో కాగితానికి ఒప్పుకుంది. ఆఖరి రెండు ముక్కలూ తనే చెప్పి రాయించింది. కింద విశ్రాంత రేంజ్ ఆఫీసర్ అని రాస్తే అదీ కొట్టించింది.

ఒకటి మీ పెదనాన్నకి రేగుపుట్టుగ పంపుతుంది, ఊళ్ళో అందరి ముందూ చదివించడానికి. ఒకటి అడవిశాఖకి నన్నే పంపమంది. నిన్న పంపాను. పెన్షన్ ఆపుతారని హేమశ్రీ ఏడుస్తోంది. ఆపనీ. మూడోది నీకు. అక్క మళ్ళీ నన్ను పిలుస్తుందో లేదో తెలియదు. నువ్వు కూడా అడగకు.

"2001 మే నెలలో రేగుపుట్టుగ నూతిలో పడిన ఎలుగును నేను నా బద్ధకం వల్ల ఊరి పక్కనే వదిలేశాను. ఎవరినీ హెచ్చరించలేదు. మూడో రోజు అదే ఎలుగు మా బావ అప్పారావును చంపింది. దాని అడుగును నా బూటుతో చెరిపాను. బావ రాళ్ళు రువ్వాడని రిపోర్టులో అబద్ధం రాశాను. అప్పారావు దాని జోలికి పోలేదు. తన తోటలో వంగుని జీడిపిక్కలు ఏరుకుంటున్నాడు.

ఇట్లు,
శ్రీనివాసమూర్తి,
అప్పారావు బావమరిది."